‘ప్రమాదం’ అనే ఒక్క మాటకు ఇంగ్లీషులో నాలుగు మాటలు: ఏది ఎక్కడ?

గాజువాక దగ్గరి ఒక కర్మాగారంలో భద్రతా విభాగంలో కొత్తగా చేరానని, మొదటి తనిఖీ నివేదికను ఇంగ్లీషులో రాసి ఇస్తే పై అధికారి ఎర్రసిరాతో గీతలు గీసి వెనక్కి పంపారని మీరు రాశారు. ఒకే మాట పదే పదే రాకూడదని బడిలో నేర్చుకున్నారు గనుక, యంత్రం పక్కన ఒలికిన నూనె గురించి మొదటి వాక్యంలో ‘హజార్డ్’ అని, రెండో వాక్యంలో ‘డేంజర్’ అని, తరువాత ‘రిస్క్’ అని, ఆఖరున ‘యాక్సిడెంట్’ అని రాశానన్నారు. నిఘంటువు తెరిస్తే నాలుగింటికీ ‘ప్రమాదం’ అనే అర్థం ఉంది గదా, మరి నా తప్పేమిటి అని అడిగారు. పర్యాయపదాల తేడాలు తెలుసుకోవడానికి థెసారస్, అంటే పర్యాయపదాల కోశం, కొనుక్కోవాలా అన్నది మీ రెండో ప్రశ్న.

ముప్పై ఏళ్ళకు పైగా విశాఖపట్నంలో ఇంగ్లీషు పాఠాలు చెప్పాను. అందులో కొన్నేళ్ళు సాయంత్రం పూట కర్మాగారాల సిబ్బందికి ఉత్తరాలు, నివేదికలు రాయడం నేర్పాను. మీకు జరిగిన పొరపాటు ఆ తరగతుల్లో నేను వారానికొకసారైనా చూసినదే. నిఘంటువులో ఇంగ్లీషు మాటకు ఎదురుగా ఉండే తెలుగు మాట ఆ రెండు భాషలు కలిసే చోటును చూపిస్తుంది. ఒక ఇంగ్లీషు మాట తన పక్కనున్న మరో ఇంగ్లీషు మాటతో ఎక్కడ విడిపోతుందో చూపించడం దాని పని కాదు. ఏ మాట వాడాలన్న చిక్కు వచ్చేది సరిగ్గా ఆ విడిపోయే చోటనే గనుక, తెలుగు అర్థాన్ని మాత్రమే పట్టుకుని ఇంగ్లీషు పర్యాయపదాల మధ్య ఎంపిక చేసుకోవడం కుదరదు.

మీ నూనెనే తీసుకుందాం. ఆ నూనె ‘హజార్డ్’, అంటే హాని చేయగల వస్తువు గాని, పరిస్థితి గాని. దాని మీద ఎవరైనా కాలు వేసి జారే అవకాశం ఎంత ఉంది, జారితే దెబ్బ ఎంత గట్టిగా తగులుతుంది అన్న రెండింటినీ కలిపి వేసే అంచనా ‘రిస్క్’. అదే నూనె మనుషులు తిరగని మూలన ఉంటే హజార్డ్ అలాగే ఉంటుంది గాని రిస్క్ తగ్గిపోతుంది. షిఫ్టు మారే వేళ జనమంతా నడిచే దారిలో ఉంటే రిస్క్ పెరుగుతుంది. ఒకాయన జారబోయి పక్కనున్న కమ్మీ పట్టుకుని నిలదొక్కుకుంటే దాన్ని ‘నియర్ మిస్’ అంటారు. పడి చేయి విరగ్గొట్టుకుంటే ‘యాక్సిడెంట్’ అంటారు. ఈ రెండింటినీ కలుపుకుని చెప్పవలసి వచ్చినప్పుడు ‘ఇన్సిడెంట్’ అనే విశాలమైన మాట వాడతారు. ఇక ‘డేంజర్’ లెక్కలకు లొంగే మాట కాదు. ట్రాన్స్‌ఫార్మరు మీద పుర్రె బొమ్మతో పాటు కనబడే హెచ్చరిక మాట అది. చదివినవాడు ఆగిపోవాలి, అంతే దాని పని. ఇప్పుడు మీ నివేదికను మీ అధికారి కళ్ళతో చదవండి. ఒక నూనె మరక గురించి చెప్పబోయి మీరు ఒక వస్తువును, ఒక హెచ్చరికను, ఒక అంచనాను, జరగని ఒక సంఘటనను చెప్పారు. చివరి వాక్యంలో ‘యాక్సిడెంట్’ అన్న మాట చూసి, ఎవరికి దెబ్బ తగిలిందో కనుక్కోవడానికి ఆయన కంగారుగా ఫోను చేసినా ఆశ్చర్యం లేదు.

ఒకే మాట మళ్ళీ రాకూడదన్న మీ భయం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. మన అలంకార శాస్త్రంలో పునరుక్తి ఒక దోషం. వ్యాసరచన నేర్పే మాస్టారు ‘సముద్రం’ అని రెండుసార్లు వస్తే రెండోదాన్ని కొట్టేసి ‘సాగరం’ అనో ‘కడలి’ అనో రాయమంటారు. పద్యానికి, వర్ణనకు ఆ సలహా మంచిదే. అయితే నివేదికలోను, ఒప్పందపత్రంలోను, వైద్యుడి చీటీలోను మాట మారిందంటే విషయం మారిందని చదువరి అనుకుంటాడు, అనుకోవాలి కూడా. అక్కడ ఒక వస్తువును మొదట ఏ పేరుతో పిలిచామో చివరిదాకా అదే పేరుతో పిలవడం మర్యాద. నాలుగు పేరాల్లో ‘హజార్డ్’ పన్నెండుసార్లు వచ్చినా ఎవరూ మీ ఇంగ్లీషు పేదదని అనుకోరు.

ఈ సంగతి విశాఖవాసులకు నేను చెప్పనక్కరలేదు. అక్టోబరు, నవంబరు నెలల్లో వాతావరణ వార్త వినేటప్పుడు మన చెవులు ఎంత చురుగ్గా ఉంటాయో గుర్తు తెచ్చుకోండి. అల్పపీడనం వేరు, వాయుగుండం వేరు, తీవ్ర వాయుగుండం వేరు, తుఫాను వేరు. వాతావరణ శాఖ లెక్క ప్రకారం గాలి వేగం గంటకు 31 నుంచి 49 కిలోమీటర్ల దాకా ఉంటే వాయుగుండం, 50 నుంచి 61 దాకా తీవ్ర వాయుగుండం, 62 నుంచి 88 దాకా తుఫాను, ఆ పైన మరికొన్ని మెట్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌ తుఫానును చూసిన ఊరు మనది. ‘వాయుగుండం’ అన్న మాట రెండుసార్లు వచ్చిందని మూడోసారి వార్త చదివే అమ్మాయి అందం కోసం ‘తుఫాను’ అని ఉంటే ఫిషింగ్ హార్బరులో పడవలవాళ్ళ గతి ఏమిటి? మీ నివేదికలో హజార్డును యాక్సిడెంటుగా మార్చడం అలాంటి పనే.

రెండు మాటలు నిజంగా ఒకటేనా కాదా అని తేల్చుకోవడానికి తరగతిలో నేను ఒక చిన్న పరీక్ష పెట్టేవాణ్ణి. పిల్లలు దానికి ‘కానీ పరీక్ష’ అని పేరు పెట్టారు. రెండు మాటలనూ ఒకే వాక్యంలో పెట్టి, మధ్యలో ‘కానీ’ వేసి, రెండోదాన్ని కాదనండి. వాక్యం అర్థవంతంగా నిలబడితే అవి రెండు వేర్వేరు మాటలు. తనను తానే కొట్టేసుకుంటే దాదాపు ఒకటే. ‘హజార్డ్ ఉంది కానీ రిస్క్ పెద్దగా లేదు’ అన్నది నిలబడుతుంది. ‘ఇన్సిడెంట్ జరిగింది కానీ యాక్సిడెంట్ కాదు’ అన్నది కూడా నిలబడుతుంది. ‘తలుపు షట్ చేశాను కానీ క్లోజ్ చెయ్యలేదు’ అన్నది నిలబడదు, కాబట్టి తలుపు వరకూ ఆ రెండింటిలో ఏది వాడినా ఇబ్బంది లేదు. బ్యాంకు ఖాతా దగ్గర మాత్రం ‘క్లోజ్’ ఒక్కటే పనికివస్తుంది. అందుకే ఈ పరీక్షను ఒక వాక్యంతో సరిపెట్టకుండా రెండు మూడు సందర్భాల్లో చేసి చూడాలి.

మీ విభాగం పేరులోనే ఇలాంటి జంట ఒకటి ఉంది. తెలుగులో ‘భద్రత’ అంటే సరిపోతుంది గాని, ఇంగ్లీషులో ‘సేఫ్టీ’ వేరు, ‘సెక్యూరిటీ’ వేరు. ఎవరూ కావాలని చేయని హాని నుంచి కాపాడేది సేఫ్టీ. ఎవరో ఒకరు కావాలని తలపెట్టే హాని నుంచి కాపాడేది సెక్యూరిటీ. తలకు పెట్టుకునే హెల్మెట్ సేఫ్టీ కోసం, గేటు దగ్గర సంచి వెతకడం సెక్యూరిటీ కోసం. గేటు కాపలావాణ్ణి సేఫ్టీ గార్డు అని, మిమ్మల్ని సెక్యూరిటీ ఆఫీసరు అని పిలిస్తే మీరు ఒప్పుకోరు గదా! చూడండి, ఆ తేడా మీకు ముందే తెలుసు. నిఘంటువులోని ‘భద్రత’ అన్న మాట దాన్ని కప్పేసింది, అంతే.

అన్నిసార్లూ తెలుగు ఇలా కప్పేస్తుందని అనుకోకండి. చాలాచోట్ల తేడా తెలుగులోనూ ఉంటుంది, మాటలో కాకపోతే వాక్యం నడకలో ఉంటుంది. ‘సీ’, ‘లుక్’, ‘వాచ్’ మూడింటికీ ‘చూడు’ అనే అర్థం చెప్పి వదిలేయడం వల్ల మన పిల్లలు జీవితాంతం తడబడతారు. బీచ్ రోడ్డులో గోడ మీద కూర్చున్నారనుకోండి. దూరాన ఒక ఓడ కనబడింది: ఇది ‘సీ’. ఎవరో చెయ్యి చూపిస్తే మీరు అటువైపు తల తిప్పి చూశారు: ఇది ‘లుక్’. ఆ ఓడ డాల్ఫిన్స్ నోస్ కొండ చాటుకు వెళ్ళేదాకా చూస్తూ కూర్చున్నారు: ఇది ‘వాచ్’. కనబడడం, చూడడం, చూస్తూ ఉండడం అని మూడింటినీ మనం రోజూ విడివిడిగానే అంటున్నాం. కళ్ళకు తానుగా తగిలేది, మనం కళ్ళు పెట్టేది, కదిలేదాని మీద కళ్ళు నిలిపేది అన్న తేడా తెలుగువాడికి పుట్టుకతో వచ్చినదే. ‘హియర్’, ‘లిజన్’ కూడా అంతే, ఒకటి వినబడడం, రెండోది వినడం. ‘చూశాను కానీ కనబడలేదు’, ‘చెవిపెట్టి విన్నాను కానీ ఏమీ వినబడలేదు’ అని కానీ పరీక్ష పెట్టండి, రెండూ చక్కగా నిలబడతాయి.

సముద్రం పక్కన బతికేవాళ్ళం గనుక మరికొంచెం ఇక్కడే తిరుగుదాం. ‘కోస్ట్’, ‘షోర్’, ‘బీచ్’ మూడూ తీరమే. పటం మీద వేలు పెట్టి శ్రీకాకుళం నుంచి కిందికి గీసుకుంటూ పోతే వచ్చేది కోస్ట్. కోస్తా జిల్లాలు, కోస్ట్ గార్డు, మన ఊళ్ళోని కోస్టల్ బ్యాటరీ ప్రాంతం అన్నీ ఆ చూపుతో పెట్టిన పేర్లు. నీళ్ళూ నేలా కలిసే అంచు షోర్. పడవలో ఉన్నవాడికి కావలసింది అది, అందుకే సముద్రంలో గ్యాసు తవ్వేవాళ్ళు ‘ఆఫ్‌షోర్’ అంటారు గాని ‘ఆఫ్‌బీచ్’ అనరు. సాయంత్రం మొక్కజొన్న పొత్తు కొనుక్కుని కూర్చునే ఇసుక బీచ్. యారాడ కొండ రాళ్ళు నేరుగా నీళ్ళలోకి దిగే చోట షోర్ ఉంది గాని బీచ్ లేదు. గోదావరి దగ్గరికి వెళితే ఈ మూడింటిలో ఒక్కటీ పనికిరాదు. నది ఒడ్డు ‘బ్యాంక్’. మనకు ‘ఒడ్డు’ అంటే సముద్రానికీ నదికీ కూడా చెల్లుతుంది, ఇంగ్లీషుకు చెల్లదు.

‘ఓడరేవు’ అన్న మాటతోనూ ఇదే తమాషా. ఓడలు అలల దెబ్బ తగలకుండా నిలబడే నీళ్ళు ‘హార్బర్’. ఆ నీళ్ళతో పాటు గిడ్డంగులు, క్రేన్లు, రైలు పట్టాలు, సుంకాల కార్యాలయం, సరుకు ఎక్కించి దించే వ్యాపారం మొత్తం కలిస్తే ‘పోర్ట్’. మనకు ఇన్నర్ హార్బర్, ఔటర్ హార్బర్ ఉన్నాయి, అవి నీటి భాగాలు. 1933లో ప్రారంభమై వాటన్నిటినీ నడుపుతున్నది పోర్ట్. ఒక ఓడకు కేటాయించిన స్థలం ‘బెర్త్’. రైల్లో పడుకునే చోటుకు కూడా అదే పేరు, మన వంతు స్థలం అన్న అర్థంలో. ఓడను బాగుచేయడానికి నీళ్ళు తోడేసి నిలబెట్టే చోటు ‘డ్రై డాక్’, అది షిప్‌యార్డులో ఉంటుంది. ఈ మాటలు కలిపేస్తే ఓడ ఏజెంటు ఉత్తరం చదివి నవ్వడు, డబ్బు నష్టపోతాడు.

ఇదే పని తెలుగు కూడా చేస్తుందని మరచిపోకండి. అల, కెరటం, తరంగం అని నిఘంటువులో వరసగా ఉంటాయి. రేడియో తరంగాలు అంటాం. రేడియో కెరటాలు అనం. ఒడ్డుకు కొట్టుకుని లేచేది మా ఇంట్లో కెరటమే. ఇంగ్లీషు నేర్చుకునే తెలుగు విద్యార్థికి ఈ చెవి పెద్ద ఆస్తి, కాని దాన్ని ఇంట్లో వదిలేసి తరగతికి వస్తాడు.

ఇంగ్లీషులో ఇన్ని జంటలు, త్రయాలు ఎందుకున్నాయో తెలిస్తే వాటి స్వభావం కొంత అర్థమవుతుంది. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచిన తరువాత కొన్ని తరాల పాటు కొలువులోనూ, న్యాయస్థానాల్లోనూ ఫ్రెంచి చలామణి అయింది. చర్చిలోనూ, చదువులోనూ లాటిన్ ఉండనే ఉంది. పొలంలో, వంటింట్లో పాత ఇంగ్లీషు మిగిలింది. అందుకే ‘ఆస్క్’, ‘క్వశ్చన్’, ‘ఇంటరాగేట్’ అని ఒకే పనికి మూడు అంతస్తుల మాటలున్నాయి: మొదటిది దేశీయం, రెండోది ఫ్రెంచి దారిన వచ్చినది, మూడోది లాటిన్. అడగడం, ప్రశ్నించడం, విచారణ జరపడం అని మీరే తెలుగులో చెప్పుకోండి, మెట్లు సరిగ్గా కుదురుతాయి. దేశ్యాలు, తత్సమాలు పక్కపక్కన పెట్టుకుని బతికే మనకు ఈ ఏర్పాటు వింత కాదు. ‘కారు స్టార్ట్ చేశాను’ అనేదానికి ‘కారు ప్రారంభించాను’ అంటే తాళం తిప్పినట్లు ఉండదు, కొబ్బరికాయ కొట్టి రిబ్బను కత్తిరించినట్లు ఉంటుంది. ‘కమెన్స్’ అన్న మాట సరిగ్గా ఆ రిబ్బను మాట. సభ కమెన్స్ కావచ్చు, ఇంజను కాకూడదు.

పుస్తకపు మాటకూ నోటి మాటకూ ఉన్న ఎడం ఎంత పెద్ద విషయమో ఈ ఊరికి మరోలా కూడా తెలుసు. 1907 ప్రాంతంలో ఇక్కడి బడుల పర్యవేక్షణకు వచ్చిన జె.ఎ. యేట్స్ అనే ఆంగ్లేయుడికి, తాను పుస్తకాల్లో నేర్చుకున్న తెలుగు ఒకటి, జనం మాట్లాడే తెలుగు మరొకటి అయ్యేసరికి ఆ చిక్కును ఏ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారి ముందు పెట్టారు. ఆ మాట గురజాడ, గిడుగుల దాకా వెళ్ళి వ్యావహారిక భాషోద్యమంలో కలిసింది. మన పిల్లలు ఇంగ్లీషు మాట్లాడేటప్పుడు యేట్స్ ఎదుర్కొన్న ఇబ్బందినే తలకిందులుగా తెచ్చుకుంటారు: స్నేహితుడితో టీ తాగుతూ కూడా అర్జీలో వాడే మాటలు వాడతారు.

మర్యాద కోసం ఎంచుకునే మాటలది వేరే చిక్కు. సెలవు చీటీల్లో ‘మా తాతగారు ఎక్స్‌పైర్ అయ్యారు’ అని రాయడం మన దేశంలో మామూలు, చదివినవారెవరూ తప్పు పట్టరు. ఇంగ్లండు నుంచి వచ్చిన అధికారి చదివితే లైసెన్సో, మందు సీసానో గుర్తుకొస్తుంది. ఆయనకు ‘పాస్డ్ అవే’ అనో, ఉన్నదున్నట్లు ‘డైడ్’ అనో రాయాలి. కన్నుమూశారు, పోయారు, పరమపదించారు అన్నవాటిలో ఏది ఎవరి గురించి అనాలో మనకు ఎవరూ నేర్పలేదు, ఇళ్ళలో విని నేర్చుకున్నాం. ఇంగ్లీషులోనూ ఆ వినికిడి తప్ప దగ్గరి దారి లేదు.

నా అనుభవంలో తెలుగువాళ్ళను అన్నిటికన్నా ఎక్కువగా మోసం చేసిన మాట ‘డౌట్’. తరగతిలో చెయ్యెత్తి ‘సార్, డౌట్’ అంటే మనకు ప్రశ్న ఉందని అర్థం. మన దేశపు ఇంగ్లీషులో అది స్థిరపడిపోయింది, నేనూ ఆ చెయ్యికి వేలసార్లు జవాబిచ్చాను. బయటి ఇంగ్లీషులో మాత్రం డౌట్ అంటే అపనమ్మకం. ‘మీరు చెప్పింది నమ్మబుద్ధి కావడం లేదు’ అన్నట్లు వినబడుతుంది. అంతకన్నా ప్రమాదకరమైనది దాని జంట ‘సస్పెక్ట్’. రెండింటికీ మనం ‘అనుమానం’ అనే చెప్పుకుంటాం, కాని అవి ఎదురుబొదురు దిక్కులకు చూస్తాయి. అతను వస్తాడని ‘డౌట్’ అంటే రాడనుకుంటున్నాను అని. అతను వస్తాడని ‘సస్పెక్ట్’ అంటే వస్తాడేమో అనిపిస్తోంది అని. కుళాయి కారుతోందని సస్పెక్ట్ చేస్తున్నానని రాయవలసిన చోట డౌట్ చేస్తున్నానని రాస్తే, కారడం లేదని మీరే ధ్రువీకరించినట్లవుతుంది. మీ విభాగంలో ఈ జంటను గోడ మీద రాసి పెట్టుకోవాలని నా అభిప్రాయం.

మెచ్చుకోలూ, చిన్నచూపూ మాటల్లోనే దాక్కునే జంటలు ఇంకొన్ని ఉన్నాయి. నాజూగ్గా ఉండడం ‘స్లిమ్’, బక్కచిక్కి ఉండడం ‘స్కిన్నీ’. చవకగా దొరికింది ‘ఇన్‌ఎక్స్‌పెన్సివ్’. ‘చీప్’ అన్నది చవకబారు వైపుకు జారుతుంది, అమ్మేవాడి నోట రాకూడదు. ఈ రకపు తప్పు నేనూ చేశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ప్రధానోపాధ్యాయుడి వీడ్కోలు సభలో ఆయనది పసిపిల్లవాడి మనసని చెప్పబోయి ‘చైల్డ్‌లైక్’ అనవలసిన చోట ‘చైల్డిష్’ అన్నాను. మొదటిది నిర్మలత్వం, రెండోది వయసు వచ్చినా పోని పిల్లచేష్ట. సభ చప్పట్లు కొట్టింది. ఆయన మాత్రం దండ తీసి బల్ల మీద పెట్టి నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

కొన్ని జంటల్లో తేడా అర్థంలో కన్నా వ్యాకరణంలో ఉంటుంది, వాటిని బట్టీ పడితే సరిపోతుంది. ‘టెల్’ తరువాత సాధారణంగా వినే మనిషి వెంటనే రావాలి, ‘సే’ తరువాత చెప్పిన మాట రావాలి. ‘స్టీల్’ చేసేది వస్తువును, ‘రాబ్’ చేసేది మనిషిని గాని, బ్యాంకును గాని. ‘జాబ్స్’ అని లెక్కపెట్టవచ్చు. చేయవలసిన పనులన్న అర్థంలో ‘వర్క్స్’ అని లెక్కపెట్టకూడదు, మనం ‘పనులు’ అంటాం గదా అని ‘చాలా వర్క్స్ ఉన్నాయి’ అనేస్తాం.

ఇంకొన్నిటిలో ఏ తర్కమూ దొరకదు. ‘బిగ్ మిస్టేక్’ అంటారు, ‘లార్జ్ మిస్టేక్’ అనరు. ‘లార్జ్ నంబర్’ అంటారు. ‘గ్రేట్ ప్లెజర్’ అంటారు. ఎందుకని అడిగితే వాళ్ళకూ తెలియదు. మనం ‘కటిక చీకటి’ అంటాం, ‘మండుటెండ’ అంటాం, తారుమారు చేసి ‘కటిక ఎండ’ అనం, అదీ అంతే. ఏ మాట ఏ మాటతో జట్టు కడుతుందో వాక్యాలతో సహా చదివి తెలుసుకోవాలి. ఇందుకు విదేశీ విద్యార్థుల కోసం తయారుచేసిన ఇంగ్లీషు–ఇంగ్లీషు నిఘంటువులు మేలు. వాటిలో అర్థాన్ని దాటవేసి ముందు ఉదాహరణ వాక్యాలు చదవండి. ద్వారకానగర్ పౌర గ్రంథాలయానికి వెళ్ళి ఒక పూట కూర్చుని, ఒక్క జంట మాత్రమే తీసుకుని, పది వాక్యాలు మీ చేత్తో రాసుకుని రండి. రోజుకు యాభై పర్యాయపదాలు నేర్పుతామనే ప్రకటనల జోలికి పోవద్దని మాత్రం గట్టిగా చెబుతాను.

ఇక థెసారస్ సంగతి. పీటర్ మార్క్ రోజే అనే వైద్యుడు 1852లో లండనులో దాన్ని మొదట అచ్చువేశారు. మాటలను అక్షరక్రమంలో పెట్టకుండా భావాల వర్గాలుగా కూర్చడం అందులోని విశేషం. ఇలాంటి ప్రయత్నాల్లో తనకు తెలిసినవాటిని చెబుతూ ఆయన అన్నిటికన్నా పాతదిగా పేర్కొన్నది సంస్కృతంలోని మన అమరకోశాన్ని, 1808లో శ్రీరాంపూరులో అచ్చయిన కోల్‌బ్రూక్ ఇంగ్లీషు అనువాదంతో సహా. అమరకోశం వల్లించినవాళ్ళకు ఒక సంగతి తెలుసు: ఆ శ్లోకాలు నీటికి ఉన్న పేర్లన్నీ ఒకచోట చేర్చి ఇస్తాయి గాని, సంధ్యావందనంలో ఏది, దాహమేసినప్పుడు ఏది అన్నది చెప్పవు. ఆ తేడా ముందే తెలిసినవాడికి మరచిపోయిన మాట గుర్తు చేయడం వాటి ప్రయోజనం. థెసారస్ కూడా అంతే. అందులో ఒక మాట చూసి ‘ఇదే, నా నాలుక మీదికి రానిది’ అనిపిస్తే వాడండి. ఆ మాటను మొదటిసారి అక్కడే చూస్తున్నట్లయితే వాడకండి. కాబట్టి ఇప్పుడే కొనవద్దు, ఆ డబ్బుతో విద్యార్థుల నిఘంటువు కొనండి.

నివేదికను తిరగరాసేటప్పుడు ఇలా చేయండి. నూనె ఉన్న చోటు, దాని కొలత చెప్పే వాక్యంలోనూ, ఆ తరువాత నూనె ప్రస్తావన వచ్చే ప్రతి వాక్యంలోనూ ‘హజార్డ్’ అనే రాయండి. ఆ దారిన ఏ షిఫ్టులో ఎంతమంది నడుస్తారో లెక్క చూసి, ఎక్కువ, మధ్యస్థం, తక్కువ అని అంచనా వేసే ఒక్క వాక్యంలో ‘రిస్క్’ రాయండి. ఎవరైనా జారబోయి నిలదొక్కుకున్నట్లు పర్యవేక్షకుడి రిజిస్టరులో ఉంటే తేదీతో సహా ‘నియర్ మిస్’ అని రాయండి, లేకపోతే ఆ వాక్యమే వద్దు. ‘యాక్సిడెంట్’ను పూర్తిగా తీసేయండి. ‘డేంజర్’ను మాత్రం వదులుకోనక్కరలేదు, ఆ నూనె తుడిచేదాకా పక్కన నిలబెట్టవలసిన పలక మీద దాన్ని పెద్ద అక్షరాలతో రాయించండి, కింద తెలుగులో ‘ప్రమాదం’ అని కూడా.